చటికొన సంతలో తక్కెడ

పార్వతీపురంలో రైలెక్కి కాస్త కునుకు తీసేలోపు రాయగడ వచ్చేస్తుంది. అయినా మా అమ్మ లెక్కలో నేను పరాయిదేశం పోయినట్టే. 2008లో పసుపు, అల్లం కొనే ఒక సావుకారు దగ్గర గుమస్తాగా చేరాను. దిగిన రోజే ఆటోవాడు నాకు ఒడియా రాదని పసిగట్టి రెండింతలు గుంజాడు. నెల్లాళ్లు వాణ్ణి తిట్టుకుంటూనే ఉన్నాను.

రాయగడ బజారులో తెలుగుకి లోటు లేదు. కష్టమల్లా బుధవారమే. ఆ రోజు నియమగిరి కొండల మీంచి డొంగ్రియా కొంధు గిరిజనులు చటికొన సంతకి దిగుతారు. పసుపు, అల్లం, అనాసపళ్లు తెస్తారు. వాళ్ల మాట కువి. నాకు ఒడియానే నాలుగు ముక్కలు.

సావుకారు నేర్పిన కిటుకు ఒకటే. "రాళ్ల పళ్లెం అంచు మీద చిటికెన వేలు ఆన్చరా. వాళ్లకేం తెలీదు."

ఆన్చాను. మొదట్లో చెయ్యి వణికింది, మూడో వారానికి అలవాటైపోయింది. అలవాటుకి అంతకన్నా ఎక్కువ టైం పట్టదు.

ఒకరోజు ఒక ముసలామె బుట్ట దించింది. ఒంటి మీద రంగుదారాల కుట్టుపని ఉన్న శాలువా, కొప్పులో చిన్న కత్తి. నేను తూచి తక్కెడ దించాను. ఆమె ముల్లు వైపు చూడలేదు, రాళ్ల పళ్లెం వైపు చూసింది. ఇనుపరాళ్లు తప్ప ఏమీ పెట్టని ఆ పళ్లెం అంచున, నా వేలి పసుపు మరక. ఆమె బొటనవేలితో దాన్ని నెమ్మదిగా తుడిచి "ఠిక్ అఛి" అంది, ఒడియాలో సరే అని. ఇచ్చిన డబ్బులు మూట కట్టుకుని వెళ్లిపోయింది.

గొడవ పడుంటే బాగుండేది. పై బుధవారం ఆమె, ఆమె వెనకే వచ్చిన బుట్టలన్నీ ఎదుటి వ్యాపారి దగ్గర దిగాయి. సావుకారు ధర పెంచి చూశాడు. ఒక్కరూ ఇటు తిరగలేదు.

2013లో సుప్రీంకోర్టు చెప్పాక, నియమగిరిలో బాక్సైట్ తవ్వకాల మీద 12 పల్లెల్లో గ్రామసభలు పెట్టారు. పన్నెండూ వద్దన్నాయి. టీకొట్లో అంతా "వీళ్లకింత తెలివి ఎవరు నేర్పారో!" అని ఆశ్చర్యపోతుంటే నేను గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాను.

ఆ ఆటోవాడు ఇప్పటికీ స్టేషన్ దగ్గరే ఉంటాడు. మొన్న వాడి బండే ఎక్కాను. నన్ను గుర్తుపట్టలేదు. ఒడియాలో బేరమాడాను కదా, సరైన కిరాయే అడిగాడు.