ఇంగువ డబ్బా

పులిహోర విస్తరిలో పడేలోపే చెయ్యి అడ్డం పెట్టాను. "బియ్యంతో చేసిందే కదమ్మా, ఇందులో గోధుమ ఎక్కడుంది?" అని అత్తయ్య నొచ్చుకున్నారు.

వంటగదిలోంచి ఇంగువ డబ్బా తెచ్చి, వెనక చిన్న అక్షరాలలో ఉన్న గోధుమపిండి అన్న మాట చూపించాను. నాలా గోధుమ పడని సీలియాక్ జబ్బు ఉన్నవారికి ఆ కాస్త కూడా చిన్నపేగు లోపలి పొరను దెబ్బతీయగలదని, ఒక్కపూట సడలించుకునే పథ్యం ఇది కాదని ఎన్నిసార్లు చెప్పినా "కొంచెం తింటే ఏమవుతుంది" అన్న మాటే ఇన్నాళ్లూ విన్నాను. కడుపునొప్పి కన్నా ఆ మాటే నన్ను ఎక్కువ బాధించేది.

అత్తయ్య కళ్లజోడు పెట్టుకుని ఆ డబ్బాను చాలాసేపు చదివారు.

సాయంత్రం ఎండాడ నుంచి పూర్ణా మార్కెట్ దాకా వెళ్లి, నాకోసమే విడిగా ఒక మూకుడు, గరిటె కొనుక్కొచ్చి, ఇంగువ లేకుండా మళ్లీ పులిహోర కలిపారు. మారు వడ్డించుకుని తిన్నాను.