తమ్ముడి చెయ్యి

ఆదివారం, రాత్రి పదిన్నర

ఈ రోజు చెప్పుకోదగ్గది ఏమీ జరగలేదు. పొద్దున బట్టలు ఉతికి ఆరేశాను. పుస్తకాల బీరువాలో పై అర ఒక్కటి దులిపి, మిగతావి వచ్చే వారానికి వాయిదా వేశాను. మధ్యాహ్నం ఒక కునుకు తీద్దామనుకునేసరికి తమ్ముడి నుంచి సందేశం వచ్చింది: "అక్కా, మన మెట్ల ఫోటోని వీడియోగా మార్చగలవా? అమ్మ పుట్టినరోజుకి పంపుదాం."

ఇక కునుకెక్కడిది!

మెట్ల ఫోటో అంటే మా ఇంట్లో వేరే వివరం అక్కర్లేదు. అమ్మ మెట్టు మీద కూర్చుని ఉంటుంది. ఒళ్లో తమ్ముడు, పక్కన రెండు జడలతో నేను. నాకు ఎనిమిదేళ్లు, వాడికి మూడు. తీసింది నాన్న. సూర్యుడు ఆయన వెనక ఉన్నట్టున్నాడు, కింది మెట్టు మీద ఒక తల, కెమెరా పట్టుకున్న రెండు మోచేతులు నీడగా పడ్డాయి. అమ్మా నేనూ బిగుసుకుపోయి ఉన్నాం. తమ్ముడి కుడిచెయ్యి మాత్రం కదిలిపోయింది. మణికట్టు దాటాక వేళ్లు లేవు, తెల్లటి మసక చార ఒకటి ఉంది. "మంచి ఫోటో పాడుచేశావురా" అని వాణ్ణి ఏళ్ల తరబడి ఏడిపించాను.

ఫోటోను 600 డీపీఐలో, అంటే అంగుళానికి 600 చుక్కల చొప్పున, స్కాన్ చేశాను. ఈ పనికి అంత అవసరం లేదు, కానీ ఒకసారి తీసి పెట్టుకుంటే మళ్లీ ఆల్బమ్ కదిలించనక్కర్లేదు కదా. తుడవకుండా స్కాన్ చేయడమే నా మొదటి తప్పు. రెండో తప్పు, ఫోటోను వీడియోగా మార్చే ఏఐ యంత్రానికి పెద్ద ఉత్తరం రాయడం. అమ్మ నవ్వాలి, పిల్లలు కదలాలి, గాలి వీచాలి, కెమెరా మెల్లగా దగ్గరికి రావాలి అని అడిగాను. రెండు నిమిషాల్లో అన్నీ జరిగాయి, ఒకేసారి. ఫోటో మీది దుమ్ము చుక్కలన్నీ లేచి మంచులా రాలాయి. ఎండాకాలం సాయంత్రం మా మెట్ల మీద మంచు! తమ్ముడి చేతి చార ఒక చేతిరుమాలుగా మారి రెపరెపలాడింది. నేను ఎవరికో వీడ్కోలు చెబుతున్నట్టు తల తిప్పాను, తిప్పేసరికి ఒక జడ మాయమైంది.

వీటన్నిటికీ నవ్వుకున్నాను. అమ్మ నవ్వు దగ్గర మాత్రం నవ్వలేకపోయాను. అమ్మ పై వరసలో ఒక పన్ను పక్కదాని మీదికి ఎక్కి ఉంటుంది. అందుకే ఫోటోల్లో పెదవులు విప్పదు. నవ్వొస్తే చెయ్యి అడ్డం పెట్టుకుంటుంది, ఇప్పటికీ. తెర మీద ఆమె పెదవులు విచ్చుకున్నాయి. లోపల తీర్చినట్టున్న పలువరస. మూసి ఉన్న పెదవుల వెనక ఏముందో యంత్రానికి ఎలా తెలుస్తుంది? సగటున మనుషులకు ఎలాంటి పళ్లు ఉంటాయో అవి పెట్టింది. తప్పు దానిది కాదు, అడిగింది నేను.

సెకనుకు 24 చొప్పున ఎనిమిది సెకన్ల వీడియోకు 192 ఫ్రేములు, అంటే విడి బొమ్మలు. నేను ఇచ్చింది ఒక్కటి. తక్కిన 191 అది కల్పించాలి. ఇలాంటి యంత్రాల్లో చాలావరకు డిఫ్యూజన్ అనే పద్ధతిలో పనిచేస్తాయి: తెర నిండా అర్థంలేని చుక్కలతో మొదలుపెట్టి, ఇచ్చిన ఫోటోను దగ్గర పెట్టుకుని, అంచెలంచెలుగా ఆ చుక్కలను బొమ్మలుగా తేరుస్తాయి. ఒక ఫ్రేము అయ్యాక ఇంకొకటి కాదు, వరస మొత్తం కలిపి. కదలికలు పొందికగా కనిపించేది అందువల్లే. మరి ఆ కదలిక ఎవరిది? లెక్కలేనన్ని వీడియోల్లో ఎవరెవరో తల తిప్పిన తీరు, నవ్విన తీరు కలిసి ముద్దయినది. 2021లో మైహెరిటేజ్ సంస్థ పాత ఫోటోల్లోని ముఖాలను కదిలించే డీప్ నోస్టాల్జియా తెచ్చినప్పుడు ఈ సంగతి ఇంకా తేటగా ఉండేది. ముందే చిత్రీకరించి పెట్టుకున్న వేరే మనుషుల కదలికలనే మన తాతల ముఖాలకు తొడిగేవారు. కళ్లు ఆర్పింది తాతయ్యే, ఆర్పిన తీరు మాత్రం ఇంకెవరిదో. ఇప్పుడు ఆ ఇంకెవరో ఒకరు కాదు, అంతే తేడా.

రెండోసారికి బుద్ధి వచ్చింది. మెత్తటి బట్టతో ఫోటో తుడిచి మళ్లీ స్కాన్ చేశాను. ఒకే కదలిక అడిగాను: కెమెరా కదలకూడదు, గాలికి అమ్మ చెవి దగ్గరి జుట్టు కొద్దిగా కదలాలి, మనుషులు నిశ్చలంగా ఉండాలి. జుట్టు, నీళ్లు, పొగ, ఆకులు అడిగితే ఇవి అద్భుతంగా చేస్తాయి. గాలికి ఊగే పాయకు సొంత స్వభావం అంటూ ఉండదు కాబట్టి కాబోలు. మనిషిని కదిలించమన్నప్పుడే పరాయితనం బయటపడుతుంది.

జుట్టు కదిలింది. ఎంత బాగా కదిలిందంటే, అమ్మ ఇప్పుడు చేత్తో దాన్ని వెనక్కి తోసుకుంటుందేమో అని ఎదురుచూశాను. మళ్లీ మళ్లీ వేసుకుని చూశాను. అయిదోసారికో ఆరోసారికో తమ్ముడి వైపు చూపు మళ్లింది. మొదటి అర సెకనులో ఆ మసక చారలోంచి వేళ్లు మొలుస్తున్నాయి. ఒకటి, రెండు, అయిదు. చక్కటి బొద్దు వేళ్లు. అవి నెమ్మదిగా వాడి మోకాలి మీద సర్దుకుని బుద్ధిగా కూర్చున్నాయి.

నేను నిశ్చలంగా ఉండమన్నాను, అది ఉంచింది. మసకను లోపం అనుకుని బాగుచేసింది. నేనూ ముప్ఫయ్యేళ్లుగా అనుకుంటున్నది అదే కదా! కానీ ఆ ఫోటో మొత్తంలో నిజంగా జరిగిన కదలిక అదొక్కటే. షట్టరు తెరిచి ఉన్న ఆ రెప్పపాటులో, సెకనులో ఏ అరవయ్యో వంతులోనో, ఒక మూడేళ్ల చెయ్యి నిజంగా ఎటో వెళ్లింది. వెళ్లిన దారిని ఫిల్ము రాసుకుంది. నేను కదలిక కావాలని 191 ఫ్రేములు కల్పింపజేసుకుని, ఉన్న కదలికను చెరిపేసుకున్నాను.

1878లో మైబ్రిడ్జ్ అనే ఫోటోగ్రాఫర్ పరిగెత్తే గుర్రానికి ఎదురుగా 12 కెమెరాలు వరసగా పెట్టాడు. నాలుగు కాళ్లూ ఒకేసారి నేల విడుస్తాయా లేదా అన్నది తేల్చడానికి. నాన్న చేతిలో ఉన్నది ఒక్క కెమెరా, అందులోనూ పిల్లాడు కదలకుండా ఉంటే బాగుండునని ఆశ.

మరమ్మతు తేలికే అయింది. కెమెరా కదలలేదు కాబట్టి వీడియో, ఫోటో ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చుంటాయి. ఎడిటరులో కింద వీడియో, పైన అసలు ఫోటో పెట్టి, పై పొరలో అమ్మ జుట్టు ఉన్న మేర ఒక కిటికీ కోశాను. అంచులు కాస్త మెత్తబరిచాను. ఇప్పుడు ఎనిమిది సెకన్లూ పాయ ఒక్కటే ఊగుతుంది. పెదవులు మూసే ఉన్నాయి, నా జడలు రెండూ ఉన్నాయి, నాన్న నీడ కింది మెట్టు మీద ఉంది, తమ్ముడి చెయ్యి చెయ్యిగా లేదు. ఫైలుకి "మెట్ల ఫోటో, జుట్టు కదలిక కల్పితం" అని పేరు పెట్టాను. గూగుల్ తన యంత్రాలు చేసే వీడియోల్లో సింథ్‌ఐడీ అనే కంటికి కనిపించని గుర్తు వేస్తుందట, మంచిదే. కానీ రేపు ఈ ఫైలు తెరిచే మా పిల్లలకు కంటికి కనిపించేదే ఒకటి ఉండనీ అనిపించింది.

రాత్రి తమ్ముడు ఫోన్ చేశాడు.

"జుట్టేనా కదిలేది? నన్ను కదిలించలేదేం?"

"నువ్వు అప్పటికే కదిలావు. ఇంతకీ ఆ చేత్తో ఏం చేస్తున్నావురా?"

"నాన్నకి టాటా చెబుతున్నా."

"కాదు, నా జడ లాగబోతున్నావు."

"నాకు గుర్తుంది అక్కా."

"మూడేళ్లప్పటిది నీకేం గుర్తుంటుంది? నాకు ఎనిమిదేళ్లు."

ఫోను చెవి దగ్గరే పెట్టుకుని స్కాన్ తెరిచి, చెయ్యి ఉన్న చోటును తెర నిండేంత పెద్దది చేశాను. చార అడ్డంగానే ఉంది, నా జడ ఎత్తులోనే. గెలిచాననుకుంటూ వాడికి వర్ణించి చెప్పాను. రెండు చివరలా ఒకేలా పలచబడింది, మధ్యలో చిక్కగా ఉంది. చెయ్యి ఏ దారిన పోయిందో తెలుస్తోంది. కానీ నా వైపు వస్తోందా, నా వైపు నుంచి పోతోందా అన్నది మాత్రం అందులో లేదు. ఎంత పెద్దది చేసినా చుక్కలే కనిపిస్తున్నాయి.

"అయితే అప్పటికే లాగేసి వెనక్కి తీసుకుంటున్నానేమో, చూడు," అన్నాడు.