గోళ్లతో టేపు పీకిన రోజు

ఒకటి, రెండు, మూడు తరగతుల పిల్లలు ఎవర్నీ అడక్కుండా తమ పుస్తకం తామే వెతుక్కోవాలి. నేను అనుకున్నది ఇంతే. దీనికి ఇంత రాద్ధాంతమా అని ఇప్పటికీ ఒళ్లు మండుతోంది.

విజయవాడలో సత్యనారాయణపురం వైపు చిన్న బడి మాది. 600 పుస్తకాలు ఇనుప బీరువాలో, తాళం ఆఫీసులో. దుమ్ము దులిపి, చిరిగినవి పక్కన పెట్టడం రెండు మధ్యాహ్నాల్లో అయిపోయింది.

మొదట నా తెలివంతా చూపించి, విషయానికో నంబరు ఇచ్చే డ్యూయీ పద్ధతిలో నంబర్లు వేశాను. జంతువులకు 590, జానపద కథలకు 398. పెద్ద లైబ్రరీల్లో 1876 నుంచీ నడుస్తున్న పద్ధతే. కానీ మా ఒకటో తరగతికి వంద దాకా లెక్కపెట్టడమే ఇంకా సరిగ్గా రాదు. పైగా పిన్నులు కొట్టిన 24 పేజీల పుస్తకానికి వెన్నెక్కడిది, నంబరు అంటించడానికి? ఆ వయసు పిల్లలు అట్ట చూసే గుర్తుపడతారు. అందుకే వన్‌టౌన్‌లో ప్లాస్టిక్ టబ్బులు కొని, అట్టలు ఎదురుగా కనబడేలా నిలబెట్టాను. విషయానికో టబ్బు, టబ్బుకో రంగు టేపు, అదే టేపు పుస్తకాలకూ. టబ్బు మీద బొమ్మ పిల్లలే వేశారు.

అప్పుడు వచ్చారు మా గుమస్తాగారు, స్టాక్ రిజిస్టరు పట్టుకుని. టేపు కింద కొన్ని పుస్తకాల స్టాక్ నంబర్లు మూసుకుపోయాయి. తప్పు నాదే, ఒప్పుకుంటాను. "పుస్తకాలు మాయం చెయ్యడానికి ఇదో పద్ధతా అమ్మా?" అన్నారాయన, పిల్లల ముందే. 16 ఏళ్ల సర్వీసు నాది. మూడో తరగతి వాళ్లు కిటికీ ఊచలు పట్టుకుని చూస్తుంటే, నేల మీద కూర్చుని గోళ్లతో టేపు పీకాను. టేపుతో పాటు అట్ట మీది ఏనుగు తొండం కూడా ఊడొచ్చింది. జిగురు పోవడానికి కొబ్బరినూనె రాయమంది ఆయా. జిగురు పోయింది, నూనె మరక ఉండిపోయింది. మీరు మాత్రం రాయకండి. టేపు అట్ట కింద ఎడమ మూలకే వెయ్యండి, వేసే ముందు ఆఫీసు వాళ్ల చేత సంతకం పెట్టించుకోండి. నోటి మాట నమ్మొద్దు.

1914లో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టిన ఊరండీ ఇది! ఇక్కడ కూడా పుస్తకం బీరువాలో ఉంటేనే క్షేమమట.

సరే, మళ్లీ అంటించాను. ఇప్పుడు రోజుకు 40 పుస్తకాలు కదులుతున్నాయి. నిన్న రెండో తరగతి పిల్ల ఒకతి ఎలుగుబంటి పుస్తకాన్ని దెయ్యాల టబ్బులో పెట్టింది. ఇదేంటే అంటే, "రాత్రిపూట వస్తుంది కదా టీచర్" అంది. అక్కడే ఉంచేశాను.