మూడున్నర గంటల దూరంలో బాపు

దుబాయ్ నుంచి నిన్న రాత్రి తిరిగొచ్చిన. బాపును ఆయన పనిచేసే చోట చూడటం ఇదే మొదటిసారి.

శంషాబాద్ నుంచి దుబాయ్‌కి ఆకాశంలో సుమారు 2,550 కిలోమీటర్లు. పోయేటప్పుడు దాదాపు నాలుగు గంటలు పట్టింది, వచ్చేటప్పుడు మూడున్నరలోపే దిగినం. అదే దారి, అదే దూరం. చలికాలంలో పైన పడమటి గాలి గట్టిగా వీస్తుంది. పోయేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు వెనక నుంచి తోస్తుంది. ముందు సీటు తెర మీద వేగం చూస్తూనే కూర్చున్న: పోయేటప్పుడు 780 దాటలేదు, రాకలో 950 చూపించింది. ఇంటికి తోసే గాలి అనుకుంటే కళ్లల్లో నీళ్లొచ్చినయి.

జగిత్యాల నుంచి ఎయిర్‌పోర్టుకు కారులో ఐదు గంటలు పట్టింది. విమానం కన్నా అదే ఎక్కువ! బాపు మొదటిసారి పోయినప్పుడైతే బస్సులో బొంబాయి దాకా పోయి అక్కడ విమానం ఎక్కిండు.

అక్కడి గడియారం మనకన్నా గంటన్నర వెనక. బాపు చేతి గడియారం మాత్రం మన టైమే చూపిస్తుంది, ఇన్నేండ్లలో ఒక్కసారి కూడా మార్చలేదట. అద్దం మీద గీతలు, పట్టీ రెండుసార్లు కుట్టించిండు.

"మీ అమ్మ పొయ్యి ఎప్పుడు ముట్టిస్తదో నాకు తెల్వాలె కద బిడ్డా" అన్నడు.

ఇంటికి రాంగనే అమ్మకు చెప్పిన. ఏమీ అనలేదు. లేచి పోయి పొయ్యి ముట్టించింది.