నెగ్రెపోందిస్‌ని తెవికీలోకి తెచ్చాను: నా అనుభవం

2004 జులైలో, హాస్టల్ టీవీ గదిలో, అర్ధరాత్రి దాటాక గ్రీస్ యూరో కప్పు ఎత్తింది. పోర్చుగల్ మీద ఒక్కటంటే ఒక్క గోలు, కరిస్టియాస్ తలతో కొట్టింది. గదిలో ముప్పావు మంది పోర్చుగల్ వైపే. నేనూ ఇంకో ఇద్దరం గంతులేస్తే వార్డెన్ వచ్చి లైటార్పించాడు. గ్రీకు ఫుట్‌బాల్ పిచ్చి అప్పుడు పట్టిందే, ఇప్పటికీ దిగలేదు.

అందుకే తెవికీలో, అంటే తెలుగు వికీపీడియాలో, రాయడం మొదలుపెట్టాక నా మొదటి క్రీడాకారుడి వ్యాసం కోస్తాస్ నెగ్రెపోందిస్ మీద అనుకున్నాను. 1897లో కాన్‌స్టాంటినోపుల్‌లో (ఇప్పటి ఇస్తాంబుల్) పుట్టి, అక్కడి పేరా క్లబ్బుకు ఆడి, తర్వాత ఏథెన్స్ చేరి ఆటగాడిగానూ కోచ్‌గానూ పేరు తెచ్చుకున్న మనిషి. రెండు సాయంత్రాల పని అనుకున్నా. మూడు వారాలు పట్టింది.

మొదట బద్ధకస్తులు చేసే పనే చేశాను. ఇంగ్లీషు పాఠాన్ని యంత్రానువాదానికిచ్చి, వచ్చినదాన్ని ప్రయోగశాలలో, అంటే చిత్తుపని చేసుకునే పేజీలో, పడేశాను. చదివితే "జాతీయ జట్టు తరఫున టోపీ పొందాడు" అని ఉంది. జాతీయ జట్టుకు ఒక మ్యాచ్ ఆడటాన్ని వాళ్ళు అలా అంటారు. టోపీ పెట్టడమంటే మనకి ఏమిటో చెప్పక్కర్లేదు కదా! మొత్తం తుడిచేసి ఖాళీ పేజీతో మళ్ళీ కూర్చున్నా.

పేరు దగ్గరే మొదటి రోజు గడిచిపోయింది. ఇంగ్లీషు స్పెల్లింగు చూస్తే 'నెగ్రెపాంటిస్' అని రాయాలనిపిస్తుంది. గ్రీకులో మాత్రం 'న', 'త' అక్షరాలు పక్కపక్కన వస్తే పలికేది 'ంద'. ఇంగ్లీషువాళ్ళకి ఈ దంత్య 'ద' లేదు, మనకుంది, సున్నా కూడా సిద్ధంగా ఉంది. నెగ్రెపోందిస్ అని రాసి ఒకసారి పైకి చదువుకుంటే ప్రాణం లేచొచ్చింది. పేరా క్లబ్బు మాత్రం ఇబ్బందే. అది గోల్డెన్ హార్న్ ఖాతానికి అవతలి ఒడ్డు పేట, ఇప్పటి బేయోలు. తెలుగువాడికి పేరా అంటే గుర్తొచ్చేది పేరాగ్రాఫే. కింద ఒక ముక్క వివరణ ఇచ్చి ఊరుకున్నా.

జన్మస్థలం దగ్గర ఇస్తాంబుల్ అని పెట్టాలా, పాత పేరు పెట్టాలా? 1900లో కర్నూలులో పుట్టినవాళ్ళకి మద్రాసు ప్రెసిడెన్సీ అనే రాస్తాం. అదే లెక్కన కాన్‌స్టాంటినోపుల్, ఒట్టోమన్ సామ్రాజ్యం అని పెట్టాను.

అసలు దెబ్బ తర్వాత తగిలింది. 1923 లోజాన్ ఒప్పందం ప్రకారం గ్రీస్, టర్కీల మధ్య జరిగిన జనాభా మార్పిడిలో అతను గ్రీస్ వచ్చాడని ధీమాగా రాసేశాను. మర్నాడు చూస్తే ఆ వాక్యం పక్కన 'ఆధారం చూపాలి' అని మూస (వికీ హెచ్చరిక గుర్తు) వేలాడుతోంది. చర్చ పేజీలో ఒక పెద్దాయన, "ఏమండీ, మార్పిడిలో కాన్‌స్టాంటినోపుల్ గ్రీకులకి మినహాయింపు లేదూ? ఒకసారి చూడండి" అని మర్యాదగా అడిగారు. చూశాను. ఉంది! 1918 అక్టోబరు 30కి ముందు నుంచీ అక్కడ స్థిరపడి ఉన్న గ్రీకులని కదిలించకూడదని ఒప్పందంలోనే రాసి ఉంది. చిన్నాసియా (ఇప్పటి టర్కీలోని ఆసియా భాగం) నుంచి తరలించినవాళ్ళ సంగతి వేరు, ఈ నగరం నుంచి రేపేమవుతుందోనన్న భయంతో మూటాముల్లె సర్దుకున్నవాళ్ళ సంగతి వేరు. నేను రెంటినీ ఒకే గాటన కట్టేశాను. సిగ్గేసింది. పెద్దాయనకి దండం పెట్టి ఆ భాగమంతా తిరగరాశాను.

అప్పుడుగానీ అతని ఏథెన్స్ క్లబ్బు పేరులో ఉన్న బరువు నాకు తెలియలేదు. ఏథెన్స్‌లో అతను ఆడిన ఆఎక్ 1924లో పుట్టింది, పెట్టినవాళ్ళు ఆ నగరం నుంచి వచ్చినవాళ్ళే. మనం ఏఈకే అని పొడి అక్షరాలుగా చదువుతాం, గ్రీకులకది ఒకే మాట, చివరి 'క' కాన్‌స్టాంటినోపుల్. ఏథెన్స్‌లో ఉన్న జట్టు, పేరేమో వదిలొచ్చిన ఊరిది. చిహ్నం పసుపు మీద నల్లటి రెండు తలల డేగ. గండభేరుండం అని రాద్దామా అని మనసు లాగింది. అచ్యుతరాయల నాణేల మీద ఉన్న పక్షి అదే కదా! కానీ దాని కథ వేరు, బైజాంటిన్ డేగ కథ వేరు. డేగ దగ్గరే ఆగాను. శరణార్థులా, కాందిశీకులా అన్నది మాత్రం తేల్చుకోవడానికి ఒక పూట పట్టింది. పాత పత్రికల మాట కాందిశీకులే ఉంచాను. దానికున్న తడి రెండోదానికి లేదు.

మిగతాది సాఫీగా నడిచింది. 1932లో జరిగిన మొదటి గ్రీక్ కప్పు ఫైనల్లో ఆఎక్ 5–3తో అరిస్ మీద గెలిచింది. నెగ్రెపోందిస్ కోచ్‌గా ఉండగా 1939లో లీగూ కప్పూ రెండూ వచ్చాయి, గ్రీస్‌లో ఒకే ఏడు రెండూ కొట్టిన మొదటి జట్టు అదే. కప్పు ఫైనల్లో 2–1తో ఓడిన పావోక్ కూడా కాందిశీకుల జట్టే, దాని చివరి అక్షరమూ కాన్‌స్టాంటినోపులే. ఈ వాక్యం రాశాక కాసేపు కీబోర్డు మీంచి చేతులు తీసేశాను. 1940లో లీగు మళ్ళీ ఆఎక్‌దే. ఆ అక్టోబరు 28న ఇటలీ దండెత్తింది, ఆటలు ఆగిపోయాయి. అతను జాతీయ జట్టుకూ కోచ్‌గా పనిచేశాడు.

చిత్తుప్రతి మా మావయ్యకి చూపించాను. కళ్ళజోడు తుడుచుకుని అంతా చదివి, "బానే ఉందిరా. మరి మన హైదరాబాదు ఫుట్‌బాల్ కోచ్ రహీం సాబ్ పేజీ చూశావా? సిటీ పోలీసుకి వరసగా అయిదు రోవర్స్ కప్పులు తెచ్చిపెట్టాడాయన, 50 నుంచి 54 దాకా" అన్నాడు. సరే మావయ్యా, అది వచ్చే నెల అన్నాను. "ఇస్తాంబులాయనకి మూడు వారాలు, హైదరాబాదాయనకి వచ్చే నెలా?" అని కాఫీ గ్లాసు పట్టుకుని లోపలికెళ్ళిపోయాడు.

ఆ రాత్రి వ్యాసాన్ని ప్రయోగశాల నుంచి ప్రధాన పేరుబరిలోకి, అంటే అసలు వ్యాసాలుండే చోటికి, తరలించాను. పొద్దున లేచి చూస్తే ఎవరో వచ్చి నేను రెండు చోట్ల కొట్టిన 'ఫూట్‌బాల్'ని సరిచేసి పోయారు. మారోపులోస్, జానెటిస్ పేర్లు ఇంకా ఎర్ర లింకులుగానే (పేజీ లేని పేర్లు) ఉన్నాయి. 1939 జట్టులో వాళ్ళిద్దరే గోలులు కొట్టే మొనగాళ్ళు. రెండోవాడి పేరు గ్రీకులో 'ట్జ'తో మొదలవుతుంది. దాన్ని తెలుగులో ఎలా రాయాలో తెవికీ చర్చావేదిక రచ్చబండలో అడిగి కూర్చున్నాను.