శూర్పణఖ కొడుకు

దసరాకు ఉర్సుగుట్ట రంగలీల మైదానంలో రావణవధ చూడాల్సిందేనని పిల్లలు పొద్దున్నుంచి ఒకటే గొడవ. వెళ్దాంలే అన్నాను. ఆఫీసులో పెద్దగా పనేమీ లేకపోవడంతో చీకటి పడకముందే హనుమకొండలో ఇల్లు చేరాను.

అమ్మకు చూపు మందగించినప్పటి నుంచి సాయంత్రాలు రంగనాథ రామాయణం నేనే చదివి వినిపిస్తున్నాను. కాకతీయుల కాలంలో, 13వ శతాబ్దంలో, గోన బుద్ధారెడ్డి రెండేసి పాదాల ద్విపద ఛందస్సులో రాసిన కావ్యం. ద్విపదకు ఒక గుణం ఉంది: మొదలుపెడితే ఆపబుద్ధి కాదు. ఇవాళ అరణ్యకాండలో జంబుకుమారుడి ఘట్టం వచ్చింది.

వాల్మీకిలో ఈ ఘట్టం లేదు. అక్కడ శూర్పణఖ ఉన్నట్టుండి రాముడి ముందుకు వస్తుంది. అతని అందాన్నీ ఆమె వికారాన్నీ కవి పక్కపక్కనే పెట్టి చూపిస్తాడు. బుద్ధారెడ్డి ఒక అడుగు వెనక్కి వెళ్ళి కథ ఎత్తుకున్నాడు. శూర్పణఖ కొడుకు పొదలో కూర్చుని తపస్సు చేస్తున్నాడు. అతని కోసం వచ్చిన దివ్యఖడ్గం లక్ష్మణుడి చేతికి చిక్కింది. పదును చూద్దామని లక్ష్మణుడు పొదను నరికాడు. లోపల మనిషి ఉన్నాడని అతనికి తెలియదు. కొడుకును చూసుకుందామని వచ్చిన తల్లికి శవం కనిపించింది.

చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న అమ్మ చెయ్యి ఆగింది. "మరి దాని మొగుడేడీ?" అని అడిగింది.

వాల్మీకి ఉత్తరకాండలో ఉన్నది చెప్పాను. కాలకేయులతో జరిగిన యుద్ధంలో ఆమె భర్త విద్యుజ్జిహ్వుణ్ని చంపింది స్వయానా అన్న రావణుడే. చెల్లెలు గుండెలు బాదుకుంటే ఓదార్చి, ఖరుడికి అప్పగించి దండకారణ్యానికి పంపేశాడు. ముక్కు పోకముందే ఆమెకు పోవలసినవన్నీ పోయాయి.

బుద్ధారెడ్డి ఆమెను సాధ్విని చేయలేదు, జరగాల్సినవేవీ ఆపలేదు. ముందు ఒక ఏడుపు చేర్చాడు, అంతే. నాటకాల్లో శూర్పణఖ వేషం రాగానే జనం నవ్వడం ఆనవాయితీ. ఈ ఏడుపు విన్నాక ఆ నవ్వు రాదు. రాక్షసులకు మనసు ఇవ్వడం మన కవులకు కొత్తా? ఇక్కడికి దగ్గరలోని బమ్మెర పోతన బలిచక్రవర్తి చేత పలికించినంత గొప్ప మాటలు దేవతల్లో ఎవరి చేతనైనా పలికించాడా? నాకైతే గుర్తు రావడం లేదు.

ఒక్కటి మాత్రం నాకు మింగుడుపడదు. అప్పటిదాకా కొడుకు కోసం ఏడ్చిన తల్లి, రాముణ్ని చూడగానే మోహిస్తుంది. ఇది బుద్ధారెడ్డి ఒక్కడి పోకడ కాదు. అంతకు చాలా ముందే విమలసూరి ప్రాకృతంలో రాసిన జైన రామాయణంలోనూ రావణుడి చెల్లెలి కొడుకు ఇలాగే చనిపోతాడు, అక్కడా ఆ తల్లి మనసు ఇలాగే మారిపోతుంది. ఆమె దుఃఖాన్ని ఇంకాసేపు ఉండనిస్తే ఏం పోయేది? కథ ముందుకు నడవాలి కాబట్టి ఆమెను తొందరపెట్టారని నాకు గట్టిగా అనిపిస్తుంది.

అమ్మ ఒప్పుకోలేదు. "అన్నీ పోయిన మనిషి ఎవరో ఒకరి పంచన చేరాలనుకోదా? అది మోహమని రాసింది ఆ కవులు" అంది. దీనికి నా దగ్గర జవాబు లేదు, ఇంకా ఆలోచిస్తున్నాను.

ఇంద్రజిత్తు భార్య సులోచన కథ కూడా వాల్మీకిలో లేనిదే, అది ముందు యుద్ధకాండలో వస్తుందని చెప్పాను. వరసగా చదువుకుంటూ పోతే అక్కడికి చేరడానికి చాలా రోజులు పడుతుంది. వరస సంగతి తర్వాత, రేపు అదే చదవమంటోంది అమ్మ.