నాన్న నీరు తీసే మాత్ర

ఆదివారం.

పొద్దున్న టిఫిన్ దగ్గర నాన్న చేతివేళ్ళు నలుపుకుంటూ, "తల్లీ, వేళ్ళకీ మూతి చుట్టూ ఒకటే తిమ్మిరి. ఈ మాత్ర నాకు పడటం లేదు, ఇవాళ్టి నుంచి మానేస్తా" అన్నారు. దానికి తోడు నిన్న మెడికల్ షాపులో అబ్బాయి "ఇది నీరు తీసే మాత్ర కదండీ, కంటికెందుకు రాశారో" అన్నాడట. ఇంకేముంది, అనుమానం పట్టుకుంది. నాకేమో టెన్షన్. నాన్నకి నీటికాసులు (గ్లకోమా), అంటే కంట్లో ఒత్తిడి పెరిగి చూపు దెబ్బతినే జబ్బు. కుడికంట్లో ప్రెషర్ 34. మామూలుగా 10 నుంచి 21 లోపు ఉండాలి.

కాలేజీలో పిల్లలకి ఏటా చెప్పే పాఠమే కాబట్టి పక్కన కూర్చుని మొదలుపెట్టాను. షాపు అబ్బాయి అన్నది అబద్ధం కాదు. 1949లో అమెరికాలో ష్వార్ట్జ్ అనే డాక్టర్, గుండె జబ్బుతో ఒళ్ళు వాచినవాళ్ళకి సల్ఫా మందు ఇస్తే మూత్రం ఎక్కువై వాపు తగ్గింది. కిడ్నీలో కార్బానిక్ ఎన్‌హైడ్రేజ్ అనే ఎంజైమును అది ఆపుతుంది. అదే పని ఇంకా గట్టిగా చేసేలా తయారుచేసిందే ఈ అసిటజోలమైడ్. కంట్లో నీరు ఊరే చోట కూడా అదే ఎంజైము ఉంది. 1954లో అమెరికాలోనే సెయింట్ లూయిస్‌లో బెర్నార్డ్ బెకర్ అనే కంటి డాక్టర్ ఈ మందు ఇచ్చి, మనుషుల్లో కంటి ప్రెషర్ దిగుతుందని చూపించాడు.

"అంటే ఒంట్లో నీరు పోతే కంట్లో నీరూ పోతుందన్నమాట" అన్నారు నాన్న.

అందరూ అలాగే అనుకుంటారు. కానీ కిడ్నీలు తీసేసిన జంతువులకి ఇచ్చినా కంటి ప్రెషర్ దిగింది! మూత్రం మీద దీని ప్రభావం కొద్ది రోజుల్లోనే తగ్గిపోతుంది, కంట్లో మాత్రం పనిచేస్తూనే ఉంటుంది. ఉన్న నీటిని లాగేయడం కాదు, కొత్తగా ఊరేదాన్నే తగ్గిస్తుంది. ఈ పరిశోధనలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ముక్క ఇదే. నాన్న కాసేపు ఆలోచించి మాత్ర వేసుకున్నారు.

మధ్యాహ్నం తమ్ముడు గోలీసోడాలు తెచ్చాడు. మా అందరికీ ముక్కులోకి ఘాటెక్కింది, నాన్నకి మాత్రం చప్పగా ఉందట. సోడాలోని గ్యాసు నాలుక మీద పుల్లగా తగలాలంటే అక్కడా ఆ ఎంజైమే కావాలి మరి. లదాఖ్, మానససరోవరం వెళ్ళేవాళ్ళు ఎత్తు పడక ఇబ్బంది పడకుండా వేసుకునే డయామాక్స్ కూడా ఈ మాత్రే. వాళ్ళకీ ఇలాగే వేళ్ళు తిమ్మిరెక్కుతాయి, సోడా చప్పగా ఉంటుంది.

ఈ నాలుగు మాటలూ చీటీ రాసిన రోజే చెబితే ఎంత బాగుండేది! తిమ్మిరి మామూలేనని తెలియక మాత్ర మానేసి చూపు పోగొట్టుకుంటే ఎవరిది బాధ్యత? సల్ఫా పడదా, కిడ్నీలో రాళ్ళున్నాయా అని నాన్నని ఎవరూ అడగలేదు. నాకు నిజంగా కోపం వచ్చింది.

"చుక్కల మందుగా చెయ్యొచ్చుగా?" అని రాత్రి నాన్న అడిగారు. చేశారు, కానీ దాదాపు నలభై ఏళ్ళు పట్టింది. ఆ ఎంజైమును ఇంచుమించు పూర్తిగా ఆపితే తప్ప ప్రెషర్ దిగదు, తొలి రోజుల్లో చుక్కలు కంటి లోపలికి సరిగా దిగలేదు. ఫ్లోరిడాలో థామస్ మారెన్ అనే శాస్త్రవేత్త పట్టు వదలకుండా దీని వెంటపడ్డాడు. చివరికి 1990ల మధ్యలో డార్జోలమైడ్ చుక్కలు వచ్చాయి. ప్రెషర్ అదుపులోకి వస్తే చుక్కలకి మారుద్దామని నాన్న డాక్టరు గారూ అన్నారు. మంగళవారం చూపించుకోవాలి. పొటాషియం పరీక్ష చేయించాలేమో అడగాలని చీటీ వెనకాల రాసిపెట్టాను.